ఎరువు డ్రమ్ములో ఫినాయిల్

తొక్కల బకెట్టు మేడ మీదికి మోసుకొచ్చి ఎరువు డ్రమ్ము మూత తీసిందో లేదో, ఆమె ముఖానికి ఫినాయిల్ వాసన గుప్పున కొట్టింది. పొరపాటు పడ్డానేమోనని రెండో డ్రమ్ము మూత కూడా తీసింది. అదీ అంతే. నల్లటి ఎరువు మీద తెల్లగా చారలు కట్టి ఉన్నాయి. పుల్లతో కదిపితే ఎర్రలు, తొక్కల్ని మట్టి చేసే ఆ వానపాములు, కదల్లేదు. నిన్నటిదాకా గుప్పెడు ఎరువు తీస్తే అరచేతిలో మెలికలు తిరిగిన ప్రాణులు, ఇప్పుడు తడిసిన దారం ముక్కల్లా పడి ఉన్నాయి. కాసేపట్లో నగరపాలక సంస్థ అధికారి వస్తున్నాడు. వచ్చేది ఈ డ్రమ్ములు చూడ్డానికే.

గబగబా కిందికి దిగింది. భర్త అద్దం ముందు నిలబడి, పచ్చదనం సంఘం బిళ్లని చొక్కాకి తగిలించుకుంటున్నాడు.

“డ్రమ్ముల్లో మీరేమైనా పోశారా?”

“కాస్త ఫినాయిల్ పోశాలే. నిన్న అప్పటికి నువ్వింకా డ్యూటీ నుంచి రాలేదు కదా. పెద్దవాళ్లొచ్చినప్పుడు కంపు కొడితే ఏం బావుంటుంది?” చావు కబురు చల్లగా చెప్పాడు.

“ఫినాయిల్ పోస్తే ఎర్రలు చచ్చిపోతాయండీ. అన్నీ చచ్చిపోయాయి.”

“ఎర్రలా? ఏ ఎర్రలు?”

అడిగింది ఎవరనుకున్నారు? ఇంటి ఎరువు గురించి వార్డు వార్డూ తిరిగి ఉపన్యాసాలిచ్చిన పెద్దమనిషి. ఊళ్లో అందరూ ‘పచ్చాయన’ అని పిలుచుకునే మనిషి. “మార్పు మన ఇంటి నుంచే మొదలవ్వాలి” అని ఆయన మైకులో అన్నప్పుడల్లా చప్పట్లు మోగేవి. మార్పు మొదలైన మాట నిజమే. ఆయన గారి ఇంట్లో అది వంటింటి గట్టు దగ్గర మొదలై, ఆమె రెండు చేతుల దాకా వచ్చి, అక్కడే ఆగిపోయింది. పాల కవర్లు కడిగి ఆరేసేది ఆమె. బట్టలుతికిన నీళ్లు బకెట్లతో మొక్కలకు మోసేది ఆమె. “ఒక్క చుక్క కూడా వృథా కాకూడదోయ్” అని కుర్చీలోంచి గుర్తు చేసేది ఆయన. నడుము పట్టేసిందని ఒకరోజు బకెట్టు దించితే, అత్తగారు, “మగాడు ఊరి కోసం అంత పాటు పడుతుంటే, ఇంట్లో ఆ మాత్రం చెయ్యడానికి నీకేం రోగమమ్మా?” అంది. రోగాల సంగతి ఆమెకు బాగానే తెలుసు. ఆసుపత్రి మందుల కౌంటర్లో పనిచేస్తుంది. ఊరి చివర చెత్తగుట్ట తగలబడినప్పుడల్లా దగ్గుమందు కోసం వచ్చే పసిపిల్లల్ని చూసే, మూడేళ్ల కిందట ఆమె మొదటి డ్రమ్ము కొనుక్కొచ్చింది. తొక్కలు మగ్గి తొలిసారి మట్టిలా మారిన రోజున ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, పిచ్చిదానిలా ఒక్కతే నవ్వుకుంది. ఆ సంతోషం ఆమెది. దాన్ని పట్టుకెళ్లి ఆయన సంఘం పెట్టాడు, అధ్యక్షుడయ్యాడు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే మరి. అయినా ఆమె కిక్కురుమనలేదు. ఊరికి మంచి జరిగితే ఎవరి పేరైతేనేం అనుకుంది.

అసలు చిక్కు ఇప్పుడొచ్చింది. ఈ ఇల్లు చూసి అధికారి సరేనంటే, చుట్టుపక్కల వీధుల్లోకి చెత్త వ్యాన్ రావడం ఆపేస్తారు. ఎవరింటి చెత్త వాళ్లే ఎరువు చేసుకోవాలి. ఆ పథకం మొత్తానికి భర్త పెద్ద అవుతాడు. ఎదురింటి టీచరమ్మ నిన్న మెట్ల దగ్గర ఆమె చెయ్యి పట్టుకుంది. “అక్కా, బడికి పరిగెత్తే ముందు నేను చెత్త కలుపుకుంటూ కూర్చోవాలా? మా ఆయన ముట్టుకుంటాడా చెప్పు. మీ ఇల్లు చూసేగా నిర్ణయం! నువ్వే ఏదో ఒకటి అను.” చూద్దాంలే అని తప్పించుకుంది కానీ, ఆ మాట నిన్నటి నుంచి ఆమెను వదల్లేదు. ఎందుకంటే ఆమె సొంత గొడవ కూడా అందులోనే ఇరుక్కుంది. మందుల విభాగంలో పొద్దున డ్యూటీకి ఆమెను ఇన్‌ఛార్జిని చేస్తామన్నారు. ఏళ్ల తరబడి ఎదురుచూసిన పని. ఇవాళ జవాబు చెప్పాలి. ఇంట్లో ఆ మాటెత్తితే భర్త పేపర్లోంచి తల ఎత్తకుండా, “పొద్దునంటే డ్రమ్ముల సంగతెవరు చూస్తారు? వద్దని చెప్పెయ్” అన్నాడు. ఉప్పు తక్కువైందని చెప్పినంత తేలిగ్గా అన్నాడు.

“అలా నిలబడిపోయావేం?” అన్నాడిప్పుడు. “నర్సరీకి ఫోన్ చేశా, రెండు బస్తాల ఎరువు పంపిస్తున్నాడు. పైన పోసెయ్, ఎవడు చూడొచ్చాడు! నేనే పోద్దును గానీ, చొక్కా మాసిపోతుంది.”

బస్తాలు రాగానే ఆమె పోసింది. కోపంతో ఒళ్లు మండిపోతూనే పోసింది. ఇన్నేళ్లుగా చెయ్యి అలవాటు పడిపోయింది, మనసుని అడక్కుండానే పని చేసేస్తుంది. కొన్న ఎరువు కింద చచ్చిన ఎర్రలు కప్పబడిపోతుంటే, తన నోట్లో తనే మట్టి కొట్టుకుంటున్నట్టు అనిపించింది.

అధికారి అలసిన ముఖంతో, చేతిలో కాగితాలతో మేడెక్కాడు. భర్త వెనకే మాట్లాడుతూ ఎక్కాడు. అత్తగారు కూడా మోకాళ్లు పట్టుకుంటూ వచ్చింది. అధికారి పైపైన ఇంత ఎరువు తీసి నలిపి చూసి, “అబ్బో, భలే ఉందండీ” అన్నాడు.

“అంతా మేమే చేసుకుంటాం సార్!” అన్నాడు భర్త. ఆ ‘మేము’ అన్నప్పుడు ఆయన గొంతు వణకనైనా వణకలేదు.

అధికారి ఆమె వైపు తిరిగాడు. “ఏమ్మా, వ్యాన్ ఆపేస్తే ఇబ్బందేం ఉండదుగా? మీవారు ఇందులో రాశారు, ‘పెద్ద శ్రమేం లేదు, దానంతట అదే అయిపోతుంది’ అని. మీరూ అవునంటే ఇవాళే సంతకం పెట్టేస్తాను.”

“ఇబ్బందేముంది బాబూ,” అత్తగారు అందుకుంది. “ఆడవాళ్లు చేసుకునే పనేగా.”

అధికారి భుజం వెనక నుంచి భర్త కళ్లతోనే సైగ చేశాడు. ఊఁ అను, అంతే. ఆ చూపు ఆమెకు కొత్త కాదు. చుట్టాల ముందు, స్నేహితుల ముందు, ఆయన ఆఫీసు వాళ్ల ముందు ఆ చూపుకి ఎన్నిసార్లు ఊఁ అందో లెక్క లేదు. భయం వేసింది. అధికారి వెళ్లిపోయాక ఈ ఇంట్లో ఎన్నాళ్లు మాటలుండవో, అత్తగారు ఎవరెవరికి ఫోన్ చేసి ఏడుస్తుందో అంతా కళ్లకు కట్టింది. ఊఁ అంటే ఏమవుతుందో కూడా అంతే స్పష్టంగా కనిపించింది. వీధి వీధిలో, మేడ మేడ మీద, ఉద్యోగానికి ఆలస్యమైపోతూ చెత్త కలుపుకునే ఆడవాళ్లు. వాళ్ల మధ్యలో తను.

చీర కొంగు దోపుకుని, మోచేతి దాకా డ్రమ్ములో చెయ్యి పెట్టింది. అడుగు నుంచి గుప్పెడు తీసి అధికారి ముందు చాపింది. ఆయన ముక్కు మూసుకున్నాడు.

“పైన ఉన్నది ఇవాళ కొన్నదండీ. మాది ఇది. నిన్న ఈయన ఫినాయిల్ పోశారు. అందులో ప్రాణులుంటాయని ఈయనకు తెలీదు. ఎందుకంటే ఎప్పుడూ మూత తియ్యలేదు.”

“ఏమోయ్, నీకేమైనా పిచ్చి పట్టిందా? సార్, తనకి ఒంట్లో బాలేదు...”

“నా ఒంటికేం, బాగానే ఉంది.” గొంతు వణికింది. అయినా ఆపలేదు. “ఎరువు మంచిదేనండీ, నేనూ కాదనను. చేసే ఓపిక, తీరిక ఉన్నవాళ్లు చేసుకుంటారు. వ్యాన్ మాత్రం ఆపకండి. ఆ కాగితంలో దానంతట అదే అయిపోతుందని ఉంది చూడండి, ఆ ‘దానంతట అదే’ నేనేనండీ. రేపటి నుంచి పొద్దున పూట నేను ఇంట్లో ఉండను.”