వసారా రాష్ట్రం

ఈ ఉదయం నుంచి మా ఊరు రాజ్యాంగంలో లేదు. కొత్త ప్రతి అచ్చువేసేటప్పుడు ఒక పంక్తి జారిపోయింది. నది ఆ పుస్తకం చూసుకునే ప్రవహిస్తుంది కాబట్టి, మా పొలిమేర దగ్గర పక్కకు తిరిగి వెళ్లిపోతోంది. కుళాయిలు దగ్గుతున్నాయి. మా అత్తగారు నరసాయమ్మకి మాత్ర మింగడానికి కూడా నీళ్లు లేవు.

నేను పంచాయతీ గుమాస్తాని. ఆ పంక్తి తిరిగి చేర్చాలంటే పది రాష్ట్రాలూ ఒప్పుకోవాలి. మధ్యాహ్నానికల్లా తొమ్మిది సంతకాలు దొరుకుతాయి.

పదో రాష్ట్రం ఒక వసారా. అందులో ఉండేది పేర్రాజుగారు ఒక్కరే. పడక కుర్చీలో కూర్చుని కాగితం రెండుసార్లు చదువుతారు.

"రాత బావుందమ్మా. ఒప్పుకోను."

"ఎందుకండీ? మీకు పోయేదేముంది?"

"ఒప్పుకుంటే పదిమందిలో ఒకణ్ణి. ఒప్పుకోకపోతేనే కదా, నేనో రాష్ట్రాన్ని."

నాకు ఒళ్లు మండుతుంది. "అక్కడ మనుషులు గొంతెండి చస్తున్నారండీ!"

"అయ్యో పాపం. జనాన్ని అడుగు మరి."

ఓటింగు పెట్టిస్తాను. దేశంలో కోట్లమంది సరే అంటారు. వసారాలో నూటికి నూరు శాతం వద్దంటారు. ప్రతి రాష్ట్రంలోనూ మెజారిటీ రావాలట. మా ఊరే లేదు కాబట్టి మాకు ఓటు లేదు.

ఇక లాభం లేదని చాప తెచ్చుకుని ఆ వసారాలోనే కాపురం పెడతాను. ఇప్పుడు చెరో ఓటు. అత్తగారిని మోసుకొస్తాను. ఆవిడ వెనకే ఊరంతా వస్తుంది. మనిషికో బార చొప్పున వసారా మా పొలిమేర దాకా పొడుగవుతుంది. మూడు వందల మందిమి ఓటేస్తాం. పేర్రాజుగారు ఓడిపోతారు.

పంక్తి పుస్తకంలోకి ఎక్కుతుంది. అయితే అచ్చులో మా ఊరు పదకొండో రాష్ట్రమై తేలుతుంది. నది అటు మళ్లిన చప్పుడు వినిపిస్తుంది. మేం మెట్టు దిగబోయేసరికి పేర్రాజుగారు చెంబుతో అవతల నిలబడి ఉన్నారు. ఖాళీ అయిన మా ఊళ్లో ఆయనొక్కరే.

"మేం ఇంటికి రావాలండీ."

"దానికి ఇక్కడి రాష్ట్రం ఒప్పుకోవాలమ్మా." గటగటా తాగి మూతి తుడుచుకుంటారు. "ఒప్పుకోను. జనాన్ని అడుగు."

"అడుగు అడుగు అంటాడేంటే వీడు!" అంటుంది అత్తగారు. "అడిగీ అడిగీ నాలిక పిడచకట్టుకుపోయింది."

అయినా మళ్లీ ఓటేస్తాం. వేరే దారి లేదు.

పెట్టె తెరుస్తాను. లోపల చీటీలు లేవు. అంచు దాకా నోళ్లున్నాయి, పసివాళ్లవి పైన, పళ్లూడినవి అడుగున. అన్నీ తెరుచుకునే ఉన్నాయి. లెక్కపెట్టేముందు వేలు తడుపుకుందామని చెయ్యెత్తుతాను. నా ముఖం మీద నోరుండాల్సిన చోటు నున్నగా ఉంది.

పొడివేలితోనే మొదటిదాన్ని బయటికి తీస్తాను.