గోరంత మచ్చ

ఆరోగ్య సంగతులు కంటపడగానే కొందరు పదిమందికీ చెప్పకుండా ఆగలేరు, కొందరు ఆగగలరు. ఆ నిగ్రహం మెదడులో ఎక్కడుందో వెతికే పరిశోధన కేంద్రంలో మరదలు స్కానింగ్ యంత్రం నడుపుతుంది. పరీక్షకు మనుషులు చాలక, బడి బస్సు నడిపే తన పెద్దాడపడుచును బతిమాలి తీసుకొచ్చింది.

"నా నోట్లో నువ్వుగింజ నానదని మీ ఆయన ఎప్పుడూ అంటాడు. ఇక నా మెదడు కూడా సాక్ష్యం చెప్తుందన్నమాట!" అని నవ్వుతూ వదిన చెవిదుద్దులు తీసి మరదలి చేతిలో పెట్టింది.

యంత్రంలో పడుకుని, తెర మీద వచ్చే ఒక్కో ఆరోగ్య వార్తా చదువుతూ, ఎవరికైనా పంపాలనిపిస్తే కుడి మీట, వద్దనిపిస్తే ఎడమ మీట నొక్కింది. అవతల గదిలో స్కానింగ్ బొమ్మలు చూస్తున్న మరదలు ఒకచోట ఆగిపోయింది. మెదడులో ఒక పక్క గోరంత తెల్లటి మచ్చ.

పరిశోధన చేసే డాక్టరు చూసి, "నిపుణులు తేల్చేదాకా ఎవరికీ చెప్పకండి. ముందు తెలియాల్సింది ఆవిడకి. నేనే చెప్తాను" అన్నాడు.

"అలాగేనండీ" అంది మరదలు. ఇంటికెళ్ళాక అన్నం సహించలేదు.

"ఏమైంది?" అని భర్త గుచ్చిగుచ్చి అడిగాడు. "మా అక్క సంగతి నాకు చెప్పకపోతే ఇంకెవరికి చెప్తావ్?"

చెప్పేసింది. అతను తట్టుకోలేక తమ్ముడికి చెప్పాడు. తమ్ముడి భార్య చిన్నమ్మకు చెప్పింది. ఆవిడ చెవిన పడేసరికి మచ్చ కాస్తా గడ్డయింది.

మర్నాడు వదిన నేరుగా కేంద్రానికి వచ్చింది.

"చిన్నమ్మ ఫోన్లో ఏడిస్తే తెలిసింది, నా తలలో ఏముందో."

"నేను ఆయనొక్కరికే చెప్పాను వదినా..."

"అవునే. అందరూ ఒక్కరికే చెప్పారు. బళ్ళో కూడా తెలిసిపోయింది. పొద్దున నా చేతిలోంచి బస్సు తాళాలు తీసేసుకున్నారు."

ఆ మచ్చ ఎప్పుడో తగిలిన దెబ్బ తాలూకుదేననీ, భయమేమీ లేదనీ నిపుణులు తేల్చారు. డాక్టరిచ్చిన కాగితం పట్టుకుని మరదలే బడికి వెళ్ళి కాళ్ళావేళ్ళా పడింది.

"మేం నమ్ముతామమ్మా. పిల్లల తల్లిదండ్రులు నమ్మొద్దూ?" అంది ప్రధానోపాధ్యాయురాలు.

బస్సు ఇప్పుడు ఇంకెవరో నడుపుతున్నారు. వదిన వెనక తలుపు దగ్గర నిలబడి పిల్లల్ని ఎక్కిస్తుంది, దించుతుంది. మరదలు ఫోన్ చేస్తే ఎత్తుతుంది. అడిగినదానికి జవాబిచ్చి, "ఉంటా మరి" అని పెట్టేస్తుంది.