కింది నుంచి మొదటి గుండీ

ముప్పై ఎనిమిదేళ్ళుగా కత్తెర పట్టిన చెయ్యి నాది. మా వీధి నుంచి స్కూలుకు వెళ్ళే పిల్లల్లో సగం మంది ఒంటి మీద నా కుట్టే ఉంటుంది. అలాంటి నన్ను స్కూలుకు పిలిపించి, పదిమంది పిల్లల ముందు నిలబెట్టి, నా మనవరాలికి గుండీలు పెట్టుకోవడం రాదని చెప్పింది ఆ టీచరమ్మ. ఒళ్ళు మండిపోయింది.

"ఏంటమ్మా నువ్వనేది? టైలరు మనవరాలికి గుండీలు పెట్టుకోవడం రాదా? ఎవరైనా వింటే నవ్విపోతారు!"

"కోప్పడకండి తాతగారూ. పాపకి ఐదేళ్ళు నిండాయి. తోటి పిల్లలు కోటు వేసుకుని గుండీలు పెట్టుకుంటున్నారు, కాగితాన్ని గీత మీద కత్తిరిస్తున్నారు. తను పెన్సిల్ కూడా గుప్పిటతో పట్టుకుంటోంది. ఏడాది చివర్లో మళ్ళీ చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే ఇంకో ఏడాది చిన్న క్లాసులోనే ఉంచాల్సి వస్తుంది."

ఏడాది చివరంటే ఇంకా పది వారాలు. నేను ఊరుకుంటానా? "ఏదీ, నా కళ్ళముందు పెట్టుకోమనండి" అన్నాను.

మా పిన్నీసు కోటు తొడుక్కుంది. సన్నగా, చురుగ్గా ఉంటుందని ఆ పేరు పెట్టింది నేనే. తొడుక్కున్నాక రెండు చేతులూ పక్కలకు చాపి, గడ్డం పైకెత్తి, కదలకుండా నిలబడింది. టీచరమ్మ చూస్తోంది, పిల్లలు చూస్తున్నారు. అది మాత్రం నా వంక చూస్తోంది, ఇంకా ఆలస్యమెందుకన్నట్టు. తల కొట్టేసినంత పనైంది నాకు.

ఎందుకంటే అలా నిలబడటం నేర్పింది నేనే. మా అమ్మాయి బస్సు కండక్టరు. తొలి బస్సు డ్యూటీ తనది, తెల్లారకుండానే వెళ్ళిపోతుంది. పాపను తయారుచేసేది నేను. కొలతలకు వచ్చిన వాళ్ళను నిలబెట్టినట్టే దాన్నీ స్టూలు ఎక్కించి, "చేతులు చాపు, గడ్డం పైకి, కదలకు" అని, టకటకా గుండీలు బిగించి దింపేసేవాణ్ణి. నా అంత వేగంగా పిల్లను తయారుచేసేవాడు లేడని కాలరెగరేసేవాణ్ణి కూడా. అది చాలదన్నట్టు దాని గౌన్లన్నిటికీ గుండీలు మానేసి ఎలాస్టిక్ వేసి కుట్టాను. బిడ్డ కష్టపడకూడదట! ఇంకెవరింట్లో పుట్టినా ఆ పిల్ల ఎప్పుడో నేర్చుకునేది.

సాయంత్రం అమ్మాయి డ్యూటీ దిగి రాగానే జరిగిందంతా చెప్పాను. తను తల పట్టుకుంది.

"నీ ఒక్కడి తప్పే కాదులే నాన్నా. సెలవు రోజున నేనూ అదే చేస్తున్నాను. కానీ ఇవాళ్టి నుంచి దాని గుండీ మీద చెయ్యి వేశావో, మర్యాదగా ఉండదు."

"పొద్దున్నే ఆలస్యమైతే?"

"అవనీ."

"నా చేతులు ఊరుకోవే తల్లీ!"

"ఊరుకోకపోతే వాటి మీద కూర్చో."

తను వేళాకోళానికే అంది. నేను నిజంగానే కూర్చున్నాను.

మర్నాడు పాత కోటు గుడ్డతో దానికో చొక్కా కుట్టాను. బిస్కెట్లంత గుండీలు, గుండీ దానంతటది దూరిపోయేంత వదులు కాజాలు. అంత వదులు కాజా నా చేత్తో ఎన్నడూ కుట్టలేదు. ఎవరైనా చూస్తే పరువు పోతుందని కుట్టుబల్ల కింద దాచాను. రెండు వారాలకోసారి గుండీ చిన్నది చేసి కాజా కాస్త బిగించాలని నా లెక్క.

అబ్బో, మొదటి వారమంతా ఏడుపే! "నువ్వే పెట్టు తాతయ్యా, నువ్వు బాగా పెడతావు" అని గారాలు. నేను అరచేతులు తొడల కింద పెట్టుకుని స్టూలు మీద బిగుసుకుని కూర్చునేవాణ్ణి. వేళ్ళు తిమ్మిరెక్కేవి. ప్యాంటు కోసం వచ్చిన పోస్ట్‌మ్యాన్ నన్నలా చూసి, "ఏంటి మాస్టారూ, చలా?" అన్నాడు. "కాదు నాయనా, శిక్ష" అన్నాను.

మూడో వారానికి గుండీ కాజాలో సగం దూరి వెనక్కి జారేది. ఐదో వారానికి పూర్తిగా దూరడం మొదలైంది. కానీ ఎప్పుడూ ఒకటి అటూ ఇటూ అయ్యేది. చొక్కా గుండీలు మెడ దగ్గర మొదలుపెట్టి కిందికి రావాలి, నేనెరిగిన పద్ధతి అదే, అదే చెప్పాను. పై గుండీ గడ్డం కింద ఉంటుందాయె, దానికి కనబడదు. తడుముకుని ఏదో ఒక కాజాలో దూర్చేది. కిందికి వచ్చేసరికి ఒక గుండీ మిగిలిపోయేది.

ఒకరోజు నాలుగోసారి తప్పేసరికి నా నోరు ఆగలేదు. "పైనుంచి రావే! పైనుంచి! ఎన్నిసార్లు చెప్పాలి?" అని అరిచాను.

అంతే, అది చొక్కా విప్పి నేలకేసి కొట్టి కుట్టుబల్ల కింద దూరింది. "నాకు రాదు. నేను చిన్న క్లాసులోనే ఉండిపోతా" అంది అక్కణ్ణుంచి.

ఆ మాట అనిపించింది నేనే కదా! ముప్పై ఎనిమిదేళ్ళలో మొదటిసారి నోరు మూసుకుని కూర్చున్నాను.

కాసేపటికి ఓ చిన్న చెయ్యి బయటికి వచ్చి చొక్కాను లోపలికి లాక్కుంది. వంగి చూశాను. పిన్నీసు చొక్కా తొడుక్కుని, గడ్డం ఛాతీకి ఆనించి, అన్నిటికన్నా కింది గుండీ పట్టుకుని ఉంది. అది పొట్ట మీద ఉంది కాబట్టి కంటికి కనబడుతోంది. కింది కాజాలో దూర్చింది. తర్వాత దాని పైది. తర్వాత ఆ పైది. గడ్డం కిందికి వచ్చేసరికి మిగిలింది ఒకే గుండీ, ఒకే కాజా. ఇక చూడాల్సిన పనేముంది?

"తాతయ్యా! కింది నుంచి పెడితే తప్పు రావట్లేదు!"

నా సర్వీసంతా ఎందుకు, తగలెయ్యనా? ఇన్ని వేల చొక్కాలు కుట్టినవాడికి తోచని సంగతి ఐదేళ్ళ పిల్ల బల్ల కింద కూర్చుని కనిపెట్టింది. ఎత్తుకుని దుకాణమంతా గిరగిరా తిప్పాను.

పరీక్ష రోజున టీచరమ్మ ఆరు గుండీల కోటు ఇచ్చింది. నేను పిల్లల కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని, చేతులు తొడల కింద దాచుకున్నాను. కింది మూడు గుండీలూ పడ్డాయి. నాలుగోది జారింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ జారింది. నా భుజం దానంతటదే ముందుకు వెళ్ళింది.

పిన్నీసు తలెత్తి నన్ను చూసింది. "తాతయ్యా, నువ్వు కదలకు" అంది.

టీచరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. నాలుగోది పడింది, ఐదోది పడింది, ఆరోది గడ్డం కింద చూడకుండానే పడింది. తర్వాత అడగకుండానే పెన్సిల్ తీసుకుని, మూడు వేళ్ళ మధ్య పట్టుకుని, కాగితం మీద తన పేరు రాసింది. గుండీలతో కుస్తీ పట్టిన వేళ్ళు కదా, పెన్సిల్ వాటికో లెక్కా!

"పైక్లాసుకి పంపుతున్నాం తాతగారూ" అంది టీచరమ్మ.

ఆనందం పట్టలేక పిన్నీసును ఎత్తుకుని రోడ్డు మీదికి పరిగెత్తాను. అమ్మాయి బస్సు అటుగా వచ్చే వేళే అది. స్టాపు కానిచోట చెయ్యి అడ్డం పెట్టి ఆపేశాను. "ఆరు గుండీలూ పెట్టేసిందే!" అని కేక వేశాను. అమ్మాయి టికెట్ల సంచీతో సహా కిందికి దూకి కూతుర్ని హత్తుకుంది. ఏం జరిగిందో తెలియకపోయినా బస్సులో వాళ్ళంతా చప్పట్లు కొట్టారు. డ్రైవరు హారన్ మోగించాడు. నేను ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేముంది?

ఇప్పుడు మా పిన్నీసుకు పదేళ్ళు. ఆ స్కూల్లో ఒక పద్ధతుంది, బడి తెరిచిన మొదటి వారం పెద్ద పిల్లలు ఒక్కొక్కరూ ఒక చిన్న పిల్లకు తోడుంటారు. మొన్న యూనిఫాంల మూట ఇవ్వడానికి వెళ్ళాను. వరండాలో మూడున్నరేళ్ళ పిల్ల ఒకతె కొత్త కోటులో చేతులు చాపి, గడ్డం పైకెత్తి నిలబడి ఉంది. ఏ ఇంటి తాత నిర్వాకమో! మూట కింద పెట్టానో లేదో, నా చేతులు కోటు వైపు వెళ్ళిపోయాయి.

"తాతయ్యా! చేతులు!"

పిన్నీసు నా వైపు తిరగనైనా లేదు. ఆ పిల్ల ఎదురుగా నేల మీద కూర్చుని ఉంది, రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని.

"నేను ముట్టుకోనమ్మా. కిందిది చూడు. కనబడుతోందా? అక్కణ్ణుంచి మొదలుపెట్టు" అంటోంది దానితో.

నేను పక్కన చతికిలబడి చేతుల మీద కూర్చున్నాను. ఆ చిన్నది మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఎవరూ సాయం వచ్చేలా లేరని తెలుసుకుని, చేతులు దించి, కింది గుండీ పట్టుకుంది.