పాకలో ఫ్యాను

“ఎండపూట ఆవుకి నీళ్ళు పెట్టమాక. పాలు పలచబడతాయి,” అంది భువనేశ్వరి మంచం మీద నుంచే.

అత్తగారి మాటకి నాగదుర్గ నిండు బకెట్‌తో పాక ముందు ఆగిపోయింది. లోపల జెర్సీ ఆవు నాలుక బయటపెట్టి రొప్పుతోంది. నోటినుంచి చొంగ తీగలా సాగుతోంది. పాలు సగానికి పడిపోయాయి. “సాయంత్రం రాజారత్నం బాబాయ్ తోలుకెళ్తాడు. ఊరికే మేపుతామా ఏంటి?” అన్నాడు పొద్దున మొగుడు శ్యాంప్రసాద్. రాజారత్నం బేరగాడు. అతను తోలుకెళ్ళిన గొడ్డు మళ్ళీ ఏ పాకలోనూ కనిపించదని పెనుమూడి ఊరంతా ఎరుగును.

ఆ రొప్పు నాగదుర్గకి తెలుసు. నిండు కడుపుతో రేకుల వంటింట్లో పొయ్యి ముందు నిలబడి, తనూ ఇలాగే నోరు తెరిచి గాలి కోసం ఎగపోసింది. “ఎండ నీ ఒక్కదానికేనా?” అన్నాడప్పుడు శ్యాంప్రసాద్. ఏటికేడు వేసవి ముదురుతూనే ఉంది, వంట మాత్రం ఆగలేదు. తనని బేరగాడికి చూపించలేదు, అంతే తేడా.

బకెట్ ఆవు ముందు పెట్టింది. అది గటగటా తాగేసింది. ఇంకో బకెట్ తెచ్చి వీపు మీద పోసింది. అయినా రొప్పు తగ్గలేదు. పాకంతా ఆవిరి పట్టినట్టు ఉక్క. ఎండ తగలకూడదని శ్యాంప్రసాద్ చుట్టూ టార్పాలిన్ పట్టాలు బిగించాడు మరి! వంటింట్లో చెమటతో తడిసిన ఒళ్ళు పెరటి గాలికే కదా చల్లబడేది. తడి ఒక్కటే చాలదు.

కొడవలితో పట్టాల తాళ్ళు కోసేసింది. బయట ఆకు కదలడం లేదు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క స్టాండు ఫ్యాను నిద్రపోతున్న శ్యాంప్రసాద్ తల దగ్గర తిరుగుతోంది.

ప్లగ్గు పీకేసింది.

కాసేపటికి చెమటలు కక్కుతూ వచ్చాడు. “ఫ్యానేదే?”

“ఆవు దగ్గరుంది.”

“మరి నేనేమవ్వాలి?”

“గుమ్మంలో కూర్చోండి. మీరేం రొప్పట్లేదుగా.”

ఎండ వాలాక రాజారత్నం వచ్చాడు. ఆవు తీరిగ్గా నెమరేస్తోంది. “దీని పని అయిపోయిందన్నావేంట్రా? ఇది నిక్షేపంలా ఉంది!”

శ్యాంప్రసాద్ మొహం వెలిగింది. “అయితే రేటు పెంచు బాబాయ్.”

నాగదుర్గ ఆవు పలుపు పట్టుకుంది. “అమ్మేది లేదండి, బాబాయ్ గారూ. మేత వేసేది నేను, పాలు పితికేది నేను. అమ్మే మాటా నేనే చెప్పాలి.”

రాజారత్నం శ్యాంప్రసాద్ వంక చూశాడు. శ్యాంప్రసాద్ ఆవు వంక చూశాడు. “వేసవి గడవనీ,” అని గొణిగాడు.

బేరగాడు వెళ్ళిపోయాడు. నాగదుర్గ ఆవు పక్కనే, ఫ్యాను గాలికి ఎదురుగా చతికిలబడింది.

“దుర్గా, టీ ఏదే?” లోపల్నుంచి అత్తగారి కేక.

“గిన్నె స్టవ్ పక్కనే ఉందత్తయ్యా,” అంది లేవకుండానే. “నాక్కూడా ఓ గ్లాసు పెట్టండి.”