మధ్యలో నిలబడని గొంతు

టేపు కొసను సోఫా వీపుకు ఆనించి పట్టుకోమని ప్రియదర్శినికి చెప్పి, రాజేందర్ రెండో కొసను లాక్కుంటూ టీవీ పక్కనున్న స్పీకరు దాకా నడిచాడు. పదకొండు అడుగులు. వెనక గోడకు బిగించిన చిన్న స్పీకర్లకు ఆరే. రెండు అంకెలూ అట్టపెట్టె మూత మీద పెన్సిలుతో రాసుకున్నాడు.

“స్పీకర్లు బిగించడానికి కొలతలెందుకండీ?” అని అడిగింది ప్రియదర్శిని. ఆమెది ఏలూరు. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. మూడో అంతస్తులో ఉన్న ఈ ఫ్లాట్‌లోకి వచ్చి నెల కూడా కాలేదు.

“సప్పుడు కూడా నడిచే వస్తదమ్మా. అడుగు దూరం నడవనీకి ఇంచుమించు ఒక మిల్లీ సెకను పడ్తది. వెనక స్పీకర్లు మీకు దగ్గర, ముందువి దూరం. అన్నీ ఒక్కసారే బయలెల్తే వెనకది ముందుగాల వస్తది. అందుకే వెనకదాన్ని ఐదు మిల్లీ సెకన్లు ఆపుతం. అప్పుడు అన్నీ ఒక్కపారే మీ చెవికి చేర్తయి.”

“సెకనులో వెయ్యో వంతులు ఐదు! అంత చిన్న తేడా చెవికి తెలుస్తుందా అండీ?”

“తెల్వదనుకుంటం గానీ, చెవికి అన్నీ తెలుస్తయమ్మా.”

ఆ మాట అతను ఎన్నో ఇళ్లల్లో అన్నాడు. ఈసారి మాత్రం అంటూనే తల దించుకుని, ఆంప్లిఫయర్ ముందు మోకాళ్ల మీద కూర్చుని మీటలు నొక్కసాగాడు.

రాజేందర్‌ది బాలానగర్. పదో తరగతి తప్పాక రేడియో రిపేరు నేర్చుకున్నాడు. చేతిపనికన్నా చెవి ఎక్కువ పేరు తెచ్చిపెట్టింది. సినిమా హాళ్లలో వెనక వరసలకు మాటలు ముద్దగా వినిపిస్తే అతన్ని పిలిపించేవాళ్లు. ఖాళీ హాల్లో నాలుగు మూలలా నిలబడి చప్పట్లు కొట్టి, ఏ స్పీకరును ఎటు తిప్పాలో, ఏ గోడకు గోనెపట్టా కట్టాలో చెప్పేవాడు. అతని దగ్గర నాలుగేళ్లు పని నేర్చుకున్న సాయిచంద్ తర్వాత పంజాగుట్టలో స్పీకర్ల షోరూం పెట్టాడు. పెట్టిన మొదటి రోజే వచ్చి, “అన్నా, నీ చెవి నాకుంటే సాలు. మిగతాది నేను సూస్కుంట” అని వెంటబెట్టుకుపోయాడు. కొత్తగా డీవీడీలు వస్తున్న రోజులు. మాదాపూర్ చుట్టూ లేచే ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఎవరో ఒకరు ఇంట్లోనే సినిమా హాలు కట్టుకోవాలని కలగంటున్నారు. రాజేందర్‌కు చేతినిండా పని.

ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున లేచేసరికి కుడి చెవిలో దూది కుక్కినట్టయింది. లోపల ఎక్కడో సన్నగా ఈల. రెండు రోజుల ముందు జ్వరం వచ్చి తగ్గింది గనక, “జలుబే. దానంతటదే పోతది” అన్నాడు. భార్య రజిత వెల్లుల్లి వేసి కాచిన నూనె చుక్కలు పోసింది. బస్టాండు దగ్గర గులిమి తీసేవాడు పుల్ల పెట్టి చూసి, ఏమీ లేదన్నాడు. వారం గడిచింది, నెల గడిచింది. రాజేందర్ ఫోను ఎడమ చెవికి మార్చుకున్నాడు. శబ్దం ఎంతుందో ముల్లుతో చూపించే మీటరు ఒకటి షోరూంలో ఉంటే, దాన్ని సంచిలో వేసుకుని తిరగసాగాడు. ఇంతకు ముందు దాన్ని ముట్టనివాడు ఇప్పుడెందుకు మోస్తున్నాడని ఎవరూ అడగలేదు. ఈ మూడు నెలల్లో చేసిన చిన్న పనులన్నీ దాంతో గట్టెక్కాయి. గట్టెక్కేకొద్దీ దవాఖానకు పోవాలన్న ఆలోచన వెనక్కి పోయింది.

కొలతల ప్రకారం అన్నీ కుదిర్చి సినిమా పెట్టాడు. తెర మీద పెదవులు కదలడం, మాట వినిపించడం ఒక్కసారే జరిగాయి. సినిమాలోని వాన వెనకనుంచి ముందుకు కురిసింది. ప్రియదర్శిని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

“ఇప్పుడు నా పాటలు పెడతానండీ. అసలు వీటికోసమే కొన్నాను” అంటూ సీడీ ఒకటి వేసి, సోఫా మధ్యలో కాళ్లు ముడుచుకుని కూర్చుంది. పాటలకైతే ముందువైపు రెండు స్పీకర్లే పలుకుతాయి. సగం చరణం దాటేసరికి ఆమె మొహంలో వెలుగు తగ్గింది.

“ఏంటోనండీ... పాడే మనిషి ఎక్కడుందో తెలియట్లేదు. గొంతు గదంతా చెదిరిపోయినట్టుంది. తబలాలో బరువు లేదు. మీ షోరూంలో విన్నప్పుడు ఇలా లేదే.”

రాజేందర్ ఆమె లేచిన చోట కూర్చున్నాడు. రెండు స్పీకర్లూ సరిగ్గా పలికితే, వాటి నడుమ ఏమీ లేని చోట గొంతు వచ్చి నిలబడుతుంది. ఎదురుగా మనిషి నిలబడి పాడుతున్నట్టే ఉంటుంది. పదహారేళ్ల వయసులో మొదటిసారి అది విన్నప్పుడు, ఒళ్లు జలదరించి స్పీకర్ల మధ్య గాలిలోకి చెయ్యి చాచి చూశాడు. ఇప్పుడు పాటంతా ఎడమ పక్కనే ఉంది. కుడివైపు గోడే ఉంది.

‘కుడిది తక్కువైంది’ అనుకుని దాని మోత పెంచాడు. ఇంకాస్త పెంచాడు. అయినా పాట కదలలేదు. మళ్లీ పెంచాడు.

“అబ్బ! ఆపండి, ఆపండి! కుడివైపు మోతకు చెవులు పగిలిపోతున్నాయి” అని ప్రియదర్శిని రెండు చేతులతో చెవులు మూసుకుంది.

అతను లేచి కుడి స్పీకరు దగ్గరకు పోయి వంగాడు. ఎడమ చెవి పెడితే పాట గట్టిగా కొట్టింది. తల తిప్పి, ఎడమ చెవిని వేలితో మూసి, కుడి చెవి పెట్టాడు. స్పీకరు జాలీ మీద ఆనించిన చెంపకు అదురు తగులుతోంది. చప్పుడు లేదు. ఈల ఒక్కటే ఉంది.

చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు.

“ఏమైందండీ?”

“ఏంలేదమ్మా. జర టైం ఇయ్యుండ్రి. ఎల్లుండి వచ్చి సరిచేస్త.”

మర్నాడు రజిత తన డ్యూటీకి సెలవు పెట్టి అతని వెంట దవాఖానకు వచ్చింది. ఆమె మాదాపూర్‌లో ఒక ఆఫీసు బిల్డింగులో హౌస్‌కీపింగ్ చేస్తుంది. డాక్టరమ్మ ఇనప కడ్డీ ఒకదాన్ని మోగించి రాజేందర్ నుదుటి మధ్యలో ఆనించింది. “ఎటువైపు వినిపిస్తోంది?” అని అడిగింది.

“ఎడమకు.”

అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించారు. కూత వినబడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. ఎడమ చెవికి వరసగా నొక్కాడు. తర్వాత కుడి చెవి వంతు. బటన్ మీద బొటనవేలు పెట్టుకుని ఎదురుచూశాడు. అద్దానికి అవతల ఉన్న అమ్మాయి ఏవో తిప్పుతోంది, రాసుకుంటోంది, మళ్లీ తిప్పుతోంది. అతని వేలు కదలలేదు. ఒక్కసారైనా నొక్కాలనిపించింది. ఎవరిని మోసం చేయడానికని ఊరుకున్నాడు.

“ఎన్నాళ్లయింది?” కాగితం చూస్తూ అడిగింది డాక్టరమ్మ.

“మూడు నెలలు.”

ఆమె పెన్ను కింద పెట్టింది. “ఇట్లా ఒక్కసారిగా చెవి పోయినప్పుడు వారం పది రోజుల్లో వస్తే మందులిస్తాం. కొందరికి తిరిగి వస్తుంది. ఇప్పుడు నేను చేయగలిగింది ఏమీ లేదు. చెవి మిషన్ పెట్టినా లాభముండదు. ఉన్న చెవిని జాగ్రత్తగా చూసుకో.”

రజిత ముందుకు వంగింది. “నేను నూనె పోసినమ్మా. ఎల్లిపాయ నూనె. నూనెతోనే పోయిందా?”

“నూనెతో పోలేదమ్మా. ఆలస్యమైంది, అంతే.”

బయట వరండాలో రజిత గోడకానుకుని ఏడ్చింది. “నాకు తెల్వలే. దవాఖానకు గుంజుకపోవాల్సింది. నూనె పోసి ఊకున్న” అని అదే మాట మళ్లీ మళ్లీ అంది. జలుబే అన్నది రాజేందరే. రెండుసార్లు ఆమె దవాఖానకు పోదామంటే కసురుకున్నదీ తనే. ఆ మాట చెప్పి ఆమెను ఓదార్చాలని తెలుసు. అయినా ఆమె పక్కనే ఊరికే నిలబడ్డాడు.

అన్న మాట ప్రకారం మూడో రోజు సాయంత్రం ప్రియదర్శిని ఇంటికి పోయేసరికి సాయిచంద్ అక్కడే ఉన్నాడు. ఆమె షోరూంకు ఫోన్ చేసిందట. సాయిచంద్ పాట పెట్టమని, సోఫా మధ్యలో కూర్చుని కళ్లు మూసుకున్నాడు. రాజేందర్ నేర్పిన పద్ధతే అది. పట్టుమని పది సెకన్లు కూడా వినలేదు.

“అన్నా, కుడి స్పీకరు తీగెలు ఉల్టా పడ్డయి.”

లేచి స్పీకరు వెనక్కి పోయి, ఎర్ర తీగెను నల్లదాని చోట, నల్లదాన్ని ఎర్రదాని చోట బిగించాడు. ఒక స్పీకరు గాలిని నెడుతుంటే రెండోది లాక్కుంటోంది, అంతే తప్పు. పని నేర్చుకునేటప్పుడు సాయిచంద్ ఇదే తప్పు చేస్తే రాజేందర్ అవతలి గదిలోంచే పసిగట్టి నెత్తి మీద మొట్టేవాడు. పాట మళ్లీ మొదలయింది. ప్రియదర్శిని, “అదిగో! వచ్చేసింది!” అంది. ఆమె వేలు టీవీ పైన, రెండు స్పీకర్లకు నడుమ ఉన్న ఖాళీని చూపించింది.

“మీరూ కూర్చుని వినండి. కట్టింది మీరే కదా” అందామె అతనితో.

రాజేందర్ కూర్చున్నాడు. ఆమె వేలు చూపించిన చోటికే చూశాడు. పాట ఎడమ పక్క ఉంది.

“మంచిగున్నదమ్మా” అన్నాడు.

సాయిచంద్ అతని వంక చూశాడు. తర్వాత పనిముట్లు సర్దాడు.

మెట్ల మీద, రెండో అంతస్తు మలుపులో సాయిచంద్ ఆగాడు. “ఎప్పటి సంది అన్నా?”

రాజేందర్ అంతా చెప్పాడు. సాయిచంద్ తిడతాడనుకున్నాడు. తిడితే బాగుండేది. సాయిచంద్ కళ్లు తుడుచుకున్నాడు.

“నాకొక్క మాట చెప్తే ఏమైతుండె? నేనే తీస్కపోతుంటిని గదా.”

“నువ్వు నన్ను పిల్సుకున్నదే చెవి కోసం, సాయీ. ఎట్ల చెప్పాలె?”

సాయిచంద్ గోడ మీద చెయ్యి వేసి, “ఇండ్లకు వేరేటోన్ని పంపుతనే. బాలానగర్‌ల మన గోదాం ఉన్నది గదా, నువ్వు ఆడ సూస్కో. నీ ఇంటికి దగ్గర. ఫికర్ చెయ్యకు” అన్నాడు.

“సరే” అన్నాడు రాజేందర్. వినాల్సిన పనిలేని చోటు. పెట్టెలు వస్తాయి, పెట్టెలు పోతాయి. సాయిచంద్ స్కూటర్ మీద దింపుతానన్నా వద్దని నడిచాడు.

ఆఫీసులు వదిలే వేళ. కంకర లారీలు దుమ్ము రేపుతూ పోతున్నాయి. రోడ్డు దాటి అవతల బస్సెక్కాలి. హారన్ మోగింది. ఎటునుంచి వస్తోందో తెలియక వెనక్కి గెంతాడు. లారీ అతను చూస్తున్న వైపు కాక రెండో వైపునుంచి వచ్చి దాటిపోయింది. మళ్లీ అడుగు వేశాడు, మళ్లీ హారన్. మూడు నెలలుగా ఈ రోడ్లన్నీ ఎట్లా దాటాడో అతనికే అర్థం కాలేదు. అంచున నిలబడిపోయాడు.

“ఇగో! ఇటు!”

రజిత గొంతు. డ్యూటీ దిగి వస్తున్నట్టుంది. స్పష్టంగా వినబడింది. ఎడమకు తిరిగి చూశాడు. టిఫిన్ డబ్బాలతో పోయే మనుషులు, ఆటోలు, ఇటుకలు మోసే ఆడవాళ్లు. రజిత లేదు.

“ఇటు సూడు! ఇటూ!”

వెనక్కి తిరిగాడు. లేదు. అవతలి గట్టు వైపు చూశాడు. లేదు. గొంతు దగ్గరకు వస్తోంది, అది తెలుస్తోంది. ఏ దిక్కునుంచో మాత్రం తెలియడం లేదు. గుంపు మధ్యలో తప్పిపోయినవాడిలా తనచుట్టూ తాను తిరుగుతున్నాడు.

రజిత వచ్చి చొక్కా చెయ్యి పట్టుకుంది. ఆమె మొహం చూస్తే, అతను తిరుగుతుండడం చాలాసేపటినుంచీ చూస్తోందని అర్థమైంది.

“సాయి గోదాంల పెడ్తనన్నడు” అన్నాడు.

ఆమె పెదవులు కదిలాయి. ఏదో అంది. అప్పుడే లారీ ఒకటి పోతోంది, ఆమె అతని కుడిపక్కన ఉంది. ఏమన్నావని అతను అడగలేదు. ఆమె కూడా మళ్లీ అనలేదు. దుమ్ము తగ్గేదాకా ఇద్దరూ రోడ్డు అంచునే నిలబడ్డారు.