సున్నం కొట్టిన గోడ

నా కొంప ముంచింది టై మాస్టారు. పరాయివాడు కాదు, నా భార్యకు సొంత తమ్ముడు. మండుటెండలో కూడా మెడకు టై వదలడు కాబట్టి వర్క్‌షాపులో అందరం అతన్ని అలాగే అంటాం. చేతిపనులు నేర్పే మాస్టర్లను తయారుచేసే శిక్షణ కళాశాల మాది. అక్కడ అతను ప్రిన్సిపాల్‌కు కుడిభుజం. నేను చెక్కపని నేర్పేవాణ్ణి, ఏడో తరగతి తప్పి బడి మానేసినవాణ్ణి.

మా కళాశాలకు విశ్వవిద్యాలయం హోదా వచ్చింది. గేటు మీద కొత్త బోర్డు ఎక్కింది. ఆ వెనకే, డిగ్రీ లేనివాళ్ళు పాఠం చెప్పకూడదన్నారు. పాతవాళ్ళకు మాత్రం ఒక్క దారి మిగిల్చారు. కమిటీ వచ్చి మా పాఠం చూస్తుంది. నచ్చితే ఉంటాం, లేదంటే స్టోరులో కూర్చుని పనిముట్లు అందించాలి.

నా పాఠం ఎప్పుడూ ఒకలాగే మొదలవుతుంది. కొత్తగా చేరినవాడి చేత ముందు రెండు చెక్కల్ని కలిపే జాయింటు ఒకటి చెడగొట్టిస్తాను, కావాలనే. అది ఎక్కడ చెడిందో, ఎందుకు చెడిందో వాడే నాకు చెప్పాలి. రేపు వాడి దగ్గర నేర్చుకునే పిల్లలు చేసేది ఆ తప్పులే మరి. చెడిన ముక్కలన్నీ గోడకు మేకులు కొట్టి తగిలిస్తాం. చీలినవి, వదులైనవి, వంకరపోయినవి. ఎవరికేం చెప్పాలన్నా అందులోంచి ఒకటి తీసి చేతిలో పెడతాను. నాకు మాటలు రావు. నా మాటలన్నీ ఆ గోడ మీదే ఉండేవి.

"బావా, ఆ చెత్తంతా చూస్తే కమిటీ ఏమనుకుంటుంది? ఇన్నేళ్ళలో ఒక్కడికీ జాయింటు కుదరలేదనుకోరూ?" అన్నాడు టై మాస్టారు.

"అనుకోనీ. నేను చెబుతాగా."

"నువ్వా? పెళ్ళయిన కొత్తలో అక్కతో మాట్లాడ్డానికే నీకు ఆర్నెల్లు పట్టింది."

"మీ అక్క సందిస్తేగా."

ఇద్దరం నవ్వుకున్నాం. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

కమిటీ వచ్చే రోజు పొద్దున తలుపు తీసేసరికి గోడ తెల్లగా ఉంది. మేకులు పీకేసి, బెజ్జాలు పూడ్చేసి, సున్నం కొట్టించాడు. ఇంకా తడి ఆరలేదు. వర్క్‌షాపు వెనక్కి పరిగెత్తాను. చెత్త తగలబెట్టే డ్రమ్ములో బూడిద వెచ్చగా తగిలింది.

టై మాస్టారి గదికి వెళ్ళి చేతులు జోడించాను.

"ఒరేయ్, రెండ్రోజులు వాయిదా వేయించరా. కొన్నయినా మళ్ళీ చేయించుకుంటాను."

"చేతులు దించు బావా, ఎవరైనా చూస్తారు. నీ మంచికే చేశాను. శుభ్రంగా ఒక జాయింటు చేసి చూపించు, నోరు విప్పకు. మిగతాది నేను చూసుకుంటా."

కమిటీ ముందు, నా దగ్గర నేర్చుకునేవాళ్ళ ముందు రంపం పట్టాను. ఉలి మాట విన్నది. జాయింటు వెంట్రుక దూరనంత బిగువుగా కుదిరింది. కమిటీ పెద్దావిడ దాన్ని లాగి చూసింది.

"పనితనం బాగుంది మాస్టారూ. కానీ దీన్నుంచి వీళ్ళేం నేర్చుకున్నారు?"

అలవాటుకొద్దీ వెనక్కి తిరిగి గోడ మీదికి చెయ్యి చాపాను. వేళ్ళకు తడి సున్నం అంటుకుంది.

"ఆయన మితభాషి మేడమ్," అని సర్దబోయాడు టై మాస్టారు.

"నేను ఉపన్యాసం అడగలేదండీ, పాఠం అడిగాను," అందావిడ.

సాయంత్రానికి స్టోరు తాళాలు నా చేతికొచ్చాయి.

ఇంట్లో నా భార్య తమ్ముణ్ణి వెనకేసుకు రాలేదు, నన్ను ఓదార్చనూ లేదు. కంచం పెట్టి అటు తిరిగి నిలబడింది.

"రేపు వాడు భోజనానికి వస్తానన్నాడు. వద్దని చెప్పనా?"

"రానీ. నోరు విప్పకుండా తింటాను."

ఇప్పుడు స్టోరు కిటికీలోంచి చూస్తే కొత్త మాస్టారు ఆ గోడ మీద ప్రొజెక్టరుతో బొమ్మలు వేస్తుంటాడు. అన్నీ నున్నటి జాయింట్లే, ఒక్కటీ విరగదు. ఓ మూల ఒక్క మేకు కొట్టుకోనివ్వమని టై మాస్టారిని బతిమాలాను. గోడ పాడవుతుందన్నాడు.

జీతం పోలేదని, ఇల్లు పోలేదని అందరూ నాకు ధైర్యం చెబుతున్నారు. నిజమే. నాకు పోయింది పద్నాలుగడుగుల పొడవు, ఏడడుగుల ఎత్తు గోడ.