దుబాసమ్మ

ఎడమ తెర మీద సీ, కుడి తెర మీద జావా, రెండూ కంప్యూటరు భాషలే. రెంటి మీదా చూపుడువేళ్లు ఆనించి, ఒక్కో పేరు దగ్గరా ఆగుతూ కిందికి దిగుతోంది ఆమె. ఆసుపత్రి మంచాల పక్కన పెట్టే యంత్రం నుంచి అంకెలు రాబట్టే కోడు, వీళ్ల మాటల్లో లైబ్రరీ, ఆఫీసులో అందరికన్నా సీనియరైన పెద్దాయనది, సీలో రాసింది. వాటిని నర్సులకు చూపించే జావా ప్రోగ్రాం ఆమెది. అక్కడి స్ట్రక్చర్‌లో, అంటే అంకెల పట్టీలో, పేర్లు ఏ వరుసలో ఉంటే ఇక్కడా అదే వరుసలో రాసుకోవాలి. లైబ్రరీ పేర్లు పంపదు, అంకెలే పంపుతుంది. వరుస తారుమారైతే ఎవరూ కిక్కురుమనరు. ఒకదాని అంకె మరొకదాని చోట దర్జాగా కూర్చుంటుంది.

రెండు భాషల మధ్య నిలబడి మాట చేరవేస్తుందని పెద్దాయన ఆమెను దుబాసమ్మా అని పిలుస్తాడు. పక్కన కుర్చీ వేయించి ఈ పని నేర్పిందీ ఆయనే.

ఏడాదిగా ఆయన చూపు ఆనడం లేదు. కాఫీ కప్పు కోసం బల్లంతా తడుముతాడు. కొత్త అంశం ఒకటి చేర్చమంటే పాతవాటిని కిందామీదా చేసి పంపుతాడు. ఆమె తన వరుసను ఆయన తప్పుకు తగ్గట్టు మార్చుకుని ఊరుకునేది. నిన్న ఒంట్లో బాగాలేక సెలవు పెట్టింది. కొత్త లైబ్రరీ ఆమె కంటపడకుండానే ఆసుపత్రికి వెళ్లిపోయింది.

వేళ్లు ఆగిపోయాయి. ఎడమ పక్క ఆక్సిజన్ కింద పల్స్. కుడి పక్క పల్స్ కింద ఆక్సిజన్.

అప్పటికే మేనేజరుకు ఫోను వచ్చింది. మెట్లెక్కి వచ్చిన నర్సు యంత్రం క్లిప్పు తన వేలికే తగిలించుకుని చూస్తే ఆక్సిజన్ నూట ముప్పై శాతం చూపించిందట. నూటికి నూట ముప్పై పాళ్లు ఊపిరి ఉన్న మనిషిని ఇప్పుడే చూస్తున్నానని డాక్టరు నవ్వాడట. మేనేజరు నవ్వలేదు. ఇద్దరినీ గదిలోకి పిలిచాడు. బల్ల మీద ఆమె కాంట్రాక్టు పొడిగింపు కాగితం సంతకం లేకుండా పడి ఉంది.

తప్పు తనదేనని ఒప్పుకుందామనే ఆమె లోపలికి వెళ్లింది.

"మా వైపు సరిగ్గానే ఉందండీ," అన్నాడు పెద్దాయన, ఆమె లేని కుర్చీ వైపు ఆప్యాయంగా చూస్తూ. "దుబాసమ్మే ఎక్కడో తొందరపడి ఉంటుంది. చిన్నపిల్ల, పోనీండి."

"మీ పొరపాటేనా మేడమ్?" అన్నాడు మేనేజరు.

ఆమె కాగితం వైపు చూసింది.

"కాదండీ. ఏడాదిగా ఆయన తప్పులు నేనే సర్దుకొస్తున్నాను. ఆయనకి కళ్లు కనపడవు."

ఆ చివరి మాట ఆమెను ఎవరూ అడగలేదు.

పెద్దాయన ముఖం గొంతు వినిపించిన వైపు తిరిగింది. "ఏడాదిగానా?"

"అవునండీ."

"నాకు చెప్పాల్సిందమ్మా," అన్నాడు. దుబాసమ్మా అనలేదు.

సంతకం అయిపోయింది. ఆమె భోజనం చేసి వచ్చేసరికి ఆయన సీటు ఖాళీ. గోడ పట్టుకుని లిఫ్టు దాకా తానే నడిచి వెళ్లాడనీ, చేయి అందిస్తే వద్దన్నాడనీ కాపలావాడు చెప్పాడు.

ఇకనుంచి ఆయన పని కూడా మీరే చూసుకోవాలని మేనేజరు కబురు పంపాడు. ఆమె వెళ్లి ఆయన కుర్చీలో కూర్చుని మౌస్ కదిపింది. తెర వెలిగింది. ఈ చివర నుంచి ఆ చివరకు అరచేయంత అక్షరాలతో ఒకే ఒక్క మాట, పల్స్. దానికి పైన ఏముందో, కింద ఏముందో చూపడానికి ఆ తెరలో ఇక చోటు లేదు.